శనివారం గుంపు పాత ఫోటోలు

మా అత్త జ్ఞానాంబ కళ్లు మూసుకుని పాడుతుందని ఐరాల చుట్టుపక్కల పెద్ద పేరు. "ఆయమ్మ కళ్లు మూస్తే దేవుడు కళ్లు తెరుస్తాడు" అని, ఆమె పక్కనే నిలబడి పాడే ఆనందమ్మ కనపడినవాళ్లకల్లా చెబుతుంది. నేను కోడల్ని కాబట్టి నాకంత భక్తి లేదు. పప్పులో ఉప్పు తక్కువైతే ముద్ద నోట్లో పెట్టకముందే కనిపెట్టే మనిషి మా అత్త. అలాంటి మనిషిని దేవతని చేసి మాట్లాడితే ఏ కోడలికైనా కొంచెం మంటగానే ఉంటుంది.

పోయిన ఏడాది మామిడికాయల కాలంలో జరిగిన సంగతి ఇది.

మాది శనివారం గుంపు. అసలు పేరు ఇంకేదో పెద్దది ఉంది, బ్యానరు మీద తప్ప ఎక్కడా వాడం. చిత్తూరులో డ్రాయింగు మాస్టారుగా చేసి దిగిపోయిన వరదయ్య సారు పదిహేనేళ్ల కిందట మొదలుపెట్టాడు. భజనల్లో పాడే మామూలు గొంతుల్ని ఏరి తెచ్చి, నాలుగు వరుసల్లో నిలబెట్టి, ఒకే పాటను నాలుగు రకాలుగా కలిపి పాడించడం నేర్పాడు. నలుగురు నాలుగు దారుల్లో బయలుదేరి ఒకే ఊరు చేరడం లాంటిది ఆ పాట. గుంపులో ఇరవై ఆరుమందిమి. రైతులున్నారు, పాలకేంద్రం గుమాస్తా ఉన్నాడు, బ్యాంకులో పనిచేసే జాహ్నవి ఉంది. మా అత్త పై గొంతు, నేను కింది గొంతు. ఇంట్లోనూ అంతే.

ఆ వేసవిలో వేలూరు నుంచి కబురొచ్చింది. అక్కడ అరవైమంది పాడేవాళ్లు, ముప్పైమంది వాయించేవాళ్లు ఉన్న పెద్ద సింఫనీ బృందం ఉంది. మాతో కలిసి జూలై మూడో ఆదివారం తిరుపతిలో కచేరీ చేస్తామన్నారు. పైగా మా పాటే చివరి పాటగా తీసుకుంటామన్నారు. అది మా అత్త వాళ్లమ్మ నాట్లు వేస్తూ పాడిన పాట. "మబ్బు దిగిందమ్మా మా గట్టు మీద" అని మొదలవుతుంది. ఆ మొదటి పాదం మా అత్త ఒక్కతే పాడాలి. అది అయ్యీ అవగానే ముప్పై వాద్యాలూ అందుకోవాలి. ఆ మాట విన్న రోజు మా అత్త రెండుసార్లు స్నానం చేసింది. ఎందుకని అడిగితే ఉక్కగా ఉందంది.

మేము పాడుకునే బడి హాలుకు సెలవుల్లో తాళం పడుతుంది కాబట్టి, సాధన మా ఇంటాయన మునిప్రసాద్ మామిడికాయల షెడ్డులో పెట్టుకున్నాం. మొదటి శనివారమే వేలూరు నుంచి, ఆ బృందాన్ని చెయ్యి ఊపి నడిపించే సుకుమార్ సారు దిగాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా నలగకుండా ఉండే మనిషి. వాళ్లమ్మది చిత్తూరే కాబట్టి తెలుగు వచ్చు. గుజ్జు ఫ్యాక్టరీకి పోవాల్సిన తోతాపురి కాయల క్రేట్ల మధ్య మమ్మల్ని నిలబెట్టి చెయ్యెత్తాడు. మేము ఎత్తుకున్నాం. ఎత్తుకుని అందరం కళ్లు మూసుకున్నాం.

ఆయన మధ్యలో ఆపమని చెయ్యి దించాడట. మాకెవరికి తెలుసు? పల్లవి, చరణాలు, మళ్లీ పల్లవి, భజనలో అలవాటుగా చివర రెండుసార్లు తిప్పి, అన్నీ ముగించి కళ్లు తెరిచాం. సారు ఒక క్రేటు మీద కూర్చుని చేతిలో కాయ పట్టుకుని వాసన చూస్తున్నాడు.

"ఏందప్పా ఇది? నేను ఆపమని రెండు నిమిషాలాయె" అన్నాడు.

వరదయ్య సారు చేతులు నలుపుకున్నాడు. "భజన గొంతులు సార్ మావి. కండ్లు మూయకుంటే పాట రాదు."

"నా చెయ్యి చూడకుంటే ఆర్కెస్ట్రా రాదు" అన్నాడు సుకుమార్ సారు.

ఆ రోజు నుంచి మా పాట్లు చూడాలి. ఎవరు కళ్లు మూస్తే వాళ్లు అందరి ముందూ ఒంటరిగా పాడాలని సారు శిక్ష పెట్టాడు. పాలకేంద్రం గుమాస్తా ధర్మేంద్ర మూడుసార్లు ఒంటరిగా పాడాక నాలుగోసారి గుడ్లు మిటకరించి, రెప్ప వేయకుండా, కళ్లలో నీళ్లు కారుతూ పాడాడు. మే నెల సగమయ్యేసరికి అందరికీ అలవాటయింది. ఒక్క మా అత్తకు తప్ప.

అంతవరకు ఆమె ఎప్పుడూ ఆనందమ్మ పక్కన నిలబడేది. సారు ఆమెను వరుసలోంచి తీసి ఆరడుగులు ముందు ఒంటరిగా నిలబెట్టాడు. అక్కడి నుంచి ఆమెకు పాట ఎత్తుకోవడం కుదరలేదు. ఒకసారి ముందే మొదలుపెట్టింది. ఇంకోసారి సారు చెయ్యి గాలిలో వేలాడుతూ ఉండగా ఊరకే నిలబడింది.

"అమ్మా, నా చెయ్యి చూడండి."

"సూస్తానే ఉండా నాయనా" అంది మా అత్త, కళ్లు మూసుకునే.

షెడ్డంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

సారు నవ్వలేదు. "ఇంకా రెండు శనివారాలు చూస్తాను. కుదరకపోతే మొదటి పాదం జాహ్నవి పాడుతుంది. అమ్మ వరుసలోనే ఉంటారు" అన్నాడు. జాహ్నవి తలదించుకుంది. మా అత్త "అట్లనే కానీ" అని, ఆనందమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఇంటికి వచ్చాక నేను ఊరుకోలేదు. "ఏమత్తా, కండ్లు తెరిస్తే నీ సొమ్మేం పోతాది? మీ అమ్మ పాట ఇంకొకరి నోట్లో పెడతావా?"

"అలవాటు మే. ముసలిదాన్ని, ఇంగేం మారతా?" అని లోపలికి పోయింది.

నాకు ఒళ్లు మండింది. నిజానికి నా కోపం ఆ ఒక్కరోజుది కాదు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరడం మానేసి చాలా కాలమైంది. పెళ్లిపత్రికలు వస్తే "నువ్వే సదువు" అని నా మీదికి తోసేది. ఆ సీజనులో కాయలు ఏరమని కూర్చోబెడితే మచ్చకాయల్ని మంచికాయల్లో కలిపేసింది, ఆయన దగ్గర మాట నేను పడ్డాను. పెద్దరికం అడ్డం పెట్టుకుని పని తప్పించుకునే కొత్త విద్య నేర్చిందనుకున్నాను. పైకి అనలేక అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. ఆ నెలలో మా ఇంట్లో రెండు గిన్నెలు సొట్టలు పడ్డాయి.

ఫోన్లో తెలుగు టైపు చేయడం వచ్చిన పాపానికి కచేరీ పుస్తకంలో రెండు పేజీలు నా నెత్తిన పడ్డాయి. మా గుంపు ఇంతవరకు ఎక్కడెక్కడ పాడింది, ఎవరెవరితో కలిసి పాడింది రాసివ్వాలి. వరదయ్య సారు పాత బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చిచ్చాడు. నిండా ఫోటోలు. ఒక్కోదాని వెనక సారు గుండ్రని అక్షరాలతో ఊరూ తేదీ రాసి ఉన్నాయి.

మధ్యాహ్నం వరండాలో చాప మీద పరుచుకుని కూర్చున్నాను. మొదటి ఫోటో శ్రీకాళహస్తి. మేము పాడుతుంటే పక్కనే కలంకారీ పనివాళ్లు గుడ్డ మీద బొమ్మ వేయాలని ఏర్పాటు. పాట పది నిమిషాల్లో అయిపోయింది, బొమ్మలో చిలక తోక కూడా పూర్తి కాలేదు. అదే పాటను నాలుగుసార్లు పాడాం. తరవాతది పలమనేరు పశువుల ప్రదర్శన. బహుమతి వచ్చిన ఆవును తెచ్చి సరిగ్గా మా వెనక కట్టేశారు, అది ప్రతి చరణానికీ గొంతు కలిపింది. ఆ తరవాత గుడియాత్తం వాళ్లతో. మా పాట వాళ్లు పాడారు, వాళ్ల తమిళ పాట మేము పాడాం. పాడేవాళ్లకు అర్థం తెలియదు, వినేవాళ్లు మాత్రం కళ్లు తుడుచుకున్నారు. చిత్తూరులో నాదస్వరం వాళ్లతో పాడిన రోజైతే మా నోళ్లు తెరుచుకున్నట్టు ఫోటోలో తప్ప ఎక్కడా సాక్ష్యం లేదు.

రాసుకుంటూ, నవ్వుకుంటూ పోతున్నాను. నాదస్వరం ఫోటో దగ్గర చెయ్యి ఆగింది. ఫోటోలో మా అందరి కళ్లూ మూసి ఉన్నాయి. మా అత్త కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి.

పాతవి మళ్లీ తీశాను. శ్రీకాళహస్తిలో తెరిచి ఉన్నాయి. పలమనేరులో తెరిచి ఉన్నాయి. గుడియాత్తంలో ఇంత పెద్దవి చేసుకుని జనాన్ని చూస్తోంది. ఇరవై ఆరుమందిలో కళ్లు తెరిచి పాడేది ఆమె ఒక్కతే. మూసుకుని పాడిన మొదటి ఫోటో మూడేళ్ల కిందటిది. అందులో ఆమె ఎడమచెయ్యి ఆనందమ్మ కొంగు పట్టుకుని ఉంది. ఆ తరవాతి ఫోటోలన్నింటిలోనూ అంతే.

మా అత్త గోడకానుకుని వత్తులు చేసుకుంటోంది. వేళ్లు వాటి పాటికి అవి తిరుగుతున్నాయి. నేను ఒక ఫోటో తీసుకుని ఆమె పక్కకు జరిగాను. ఎందుకలా అడిగానో నాకే తెలియదు.

"అత్తా, ఇది శ్రీకాళహస్తిదే కదా?"

ఆమె ఫోటో అందుకుని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా జరిపింది. ముఖమంతా నవ్వు వచ్చింది.

"ఆఁ, అదే. మర్సిపోతామా? ఆ గుడ్డ సూడు ఎంత బాగుండాదో. ఆ పచ్చ చిలకను సూస్తే ఎగిరిపోతాదేమో అనిపిస్తాది."

నేనిచ్చింది పలమనేరు ఫోటో. అందులో గోధుమరంగు ఆవు ఉంది, బకెట్టు ఉంది.

నేను ఫోటో మెల్లగా తీసుకున్నాను. "అవునత్తా, చిలక బాగుండాది" అన్నాను.

మరుసటి రోజు పొద్దున ఆమె పొయ్యి దగ్గర పాలు చూస్తూ కూర్చుంది. చూస్తూ అని నేను అనుకునేదాన్ని. చెవి గిన్నె వైపు పెట్టి వింటోంది. పాలు పొంగే ముందు గలగలమనే చప్పుడు మారగానే చెయ్యి చాచి మంట తగ్గించింది.

"ఎన్నాళ్లయింది అత్తా?"

"ఏంది?"

"కండ్లు."

ఆమె పాలగిన్నె దించింది. తరవాత పీట కొంచెం వెనక్కి జరుపుకుని కొంగు సర్దుకుంది.

"మూడేండ్లు. ముందు మసక మసగ్గా ఉండె. ఇప్పుడు నువ్వు అగుపడవు, నీ సీర రంగు అగుపడతాది. మా అమ్మకీ అరవై దాటినాక ఇట్లనే మొదలైనాది. నీటికాసులన్నారు, పోయిన సూపు ఇంగ రాదన్నారు. పన్నెండేండ్లు గోడకి ఆనుకోని కూర్చునింది మే. పళ్లెంలో కూర యాడుందో మేము చెప్పాల. నాకూ అదే వచ్చినాది. వచ్చేది వస్తాది, ముందే చెప్పి మీకందరికీ దిగులెందుకు? గొంతుండేంతవరకూ పాడుకుంటా పోదామనుకున్యా. అందురూ కండ్లు మూసుకోనే పాడతారు కదా. నేనూ మూస్తే ఎవరికి తెలుస్తాది?"

"డాక్టరుకు చూపించుకున్నావా?"

"పోతే ఆయప్ప ఆ మాటే చెప్తాడు. చెప్పించుకోని ఏం చేసుకోవాల?"

"మరి ఆనందమ్మకు తెలుసా?"

"దాని ఊపిరితోనే కదా నేను ఎత్తుకునేది. అది గట్టిగా ఊపిరి పీలుస్తాది, నేను అందుకుంటా. ముందుకు తీసి నిలబెడితే దాని ఊపిరి ఇనపడల్యా."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఒకే కప్పు కింద ఉండి నేను పనిదొంగ అనుకున్నాను, వారానికొకసారి కనపడే ఆనందమ్మ మూడేళ్లుగా ఈమె కోసం ఊపిరి పీలుస్తోంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆమె చెయ్యి పట్టుకుని "రేపు తిరుపతికి పోతా ఉండాం" అన్నాను. వద్దనలేదు. అది చూసి ఆమె ఎంత భయపడుతోందో నాకర్థమైంది. మా అత్త దేనికైనా వద్దనే మొదలుపెడుతుంది.

మా ఆయన సీజను మధ్యలో షెడ్డుకు తాళం వేసి కారు తీశాడు. కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి కూర్చోబెట్టారు, కంట్లో ఒత్తిడి చూశారు, లైటు వేసి లోపల చూశారు, మళ్లీ కూర్చోబెట్టారు. డాక్టరమ్మ చిన్నది, మా పెద్దపాప లోహిత కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. ఆ అమ్మాయి నోరు తెరవకముందే మా అత్త అందుకుంది.

"నీటికాసులే కదమ్మా? చెప్పు తల్లీ. నేను ఏడ్సను."

"కాదవ్వా" అంది డాక్టరమ్మ. "శుక్లాలు. రెండు కళ్లలోనూ బాగా ముదిరిపోయాయి, అంతే. ఒత్తిడి బాగుంది, నరం బాగుంది. పొర తీసి లోపల అద్దం పెడితే చూపు వచ్చేస్తుంది. మూడేళ్ల ముందే రావాల్సింది మీరు."

మా అత్త కుర్చీలో ముందుకు జరిగింది.

"శుక్లమా? అంటే అందరికీ వచ్చేదేనా?"

"అందరికీ వచ్చేదే."

"ఓసి దీనెమ్మ కడుపు మాడ! మూడేండ్లు నేను భయపడి సచ్చింది దీనికా?"

డాక్టరమ్మ నవ్వింది. నేను నవ్వాను. మా అత్తకు ఆసుపత్రివాళ్లు పెట్టిన నల్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతుంటే, చుక్కల మందు మంట అని చెప్పి తుడుచుకుంది. మా ఆయన కనపడలేదు. బయటికి వెళ్లి చూస్తే ఎండలో టెంకాయబొండాల బండి దగ్గర మొహం అటు తిప్పుకుని నిలబడి ఉన్నాడు. బొండాం తాగనేలేదు. ఆ రోజు తిన్న హోటలు ఇడ్లీ అంత రుచిగా మళ్లీ ఎక్కడా తినలేదు.

ఆ శనివారం సుకుమార్ సారుకు నేనే చెప్పాను. ఆయన మళ్లీ క్రేటు మీద కూర్చున్నాడు. "అందరి ముందూ అమ్మను అన్నాను కదమ్మా" అన్నాడు. లేచి, ఆనందమ్మ దగ్గరికి పోయి దండం పెట్టాడు. ఆనందమ్మ సిగ్గుపడి నా వెనక దాక్కుంది. జాహ్నవి అయితే "నేను బతికిపోతి, ఆ పాదం తలుచుకుంటే కాళ్లు వణుకుతా ఉండె" అని చెప్పి లడ్డు పంచింది.

జూన్ రెండో వారంలో కుడికంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పినప్పుడు ఎదురుగా నేనే ఉన్నాను. మా అత్త రెప్పలు ఆడించి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏమే, నీకు తల నెరిసినాది! నాకెవురూ చెప్పనే లేదే?"

మూడేళ్లుగా ఆమె నన్ను చూడలేదని అప్పటికి నాకు పూర్తిగా తెలిసింది. వాటేసుకుని ఏడ్చేశాను. ఆ ప్రేమ ఇల్లు చేరేవరకే. గడపలో కాలు పెట్టగానే వంటింటి గోడ మీద నూనె మరకలు, దేవుడి గూట్లో బూజు, నేను దాచిపెట్టిన సొట్టగిన్నెలు అన్నీ ఒక్కరోజులో బయటపెట్టింది. నేను మూడేళ్లు అనుభవించిన స్వాతంత్ర్యం అంతటితో సరి. పోనీలే అనుకున్నాను. సీజను చివరి కాయలు ఆమే ఏరింది, ఒక్క మచ్చకాయ దాటలేదు.

డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ సాధనకు వచ్చింది. సుకుమార్ సారు ఆమెతో ఒప్పందం చేసుకున్నాడు. "మొదలు మీ ఇష్టమమ్మా, ఎప్పుడు పాడాలనిపిస్తే అప్పుడే పాడండి. ఆ పాదం చివర మాత్రం నా చెయ్యి చూడండి, వాద్యాలు అక్కడ అందుకోవాల."

"చివర సూస్తా నాయనా. మాటంటే మాటే" అంది.

జూలై మూడో ఆదివారం సాయంత్రం తిరుపతి హాలు నిండింది. కచేరీ పుస్తకంలో నేను రాసిన రెండు పేజీలు అచ్చయ్యాయి. పలమనేరు ఆవు ఫోటో పెద్దదిగా వేయించాను. మా అత్త దాన్ని చూసి, నన్ను చూసి, "నువ్వు గట్టిదానివే" అంది. అంతకుమించి ఆ మధ్యాహ్నం గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చివరి పాట వచ్చింది. ఎనభై ఆరుమందిమి మెట్ల మీద నిలబడ్డాం. మా అత్త ఆరడుగులు ముందుకు నడిచి ఒంటరిగా నిలబడింది. సుకుమార్ సారు చేతులు కట్టుకుని ఎదురుచూశాడు.

ఆమె పాడలేదు. ముందు జనాన్ని చూసింది, వరస వరసా. లోహిత చెయ్యి ఊపితే తల ఆడించింది. మా ఆయన్ను చూసింది. తరవాత ఫిడేళ్లవాళ్లను ఒక్కొక్కరినీ చూసింది. వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది, వరదయ్య సారును, గుడ్లు మిటకరించుకుని ఉన్న ధర్మేంద్రను, ఆనందమ్మను, నన్ను. పాట మరిచిపోయిందేమో అనుకున్నాను.

సారు ఉండబట్టలేక "అమ్మా..." అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"ఉండు నాయనా. అందురినీ సూసుకోనీ" అంది మా అత్త. ఆమెకు గొంతు తగ్గించడం రాదు. వెనక వరుసలదాకా వినపడి హాలంతా మెత్తగా నవ్వింది.

చూడడం అయిపోయాక ముందుకు తిరిగింది. నా పక్కన ఆనందమ్మ, అవసరం లేకపోయినా, అలవాటుగా గట్టిగా ఊపిరి పీల్చింది.

మా అత్త కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. పాదం చివర తెరుస్తుందని తెలుసు, ఈసారి నాకు భయం వేయలేదు.